ఆటలో వినబడిన పాట

ప్రక్రియ : వ్యాసం

పాఠ్యభాగ సందర్భం

సంగీతం మనకు అనేక మార్గాలలో పరిచయమవుతుంది. వాటిలో ఇటీవలి కాలపు మార్గం వీడియో గేమ్. ఆడుకోవడానికి కూర్చున్నవారికి తెలియకుండానే అది పరదేశపు జానపద గీతాన్ని, శాస్త్రీయ సంగీతాన్ని, ఎరుగని భాషలోని ప్రార్థనను వినిపిస్తుంది. ఆ పరిచయం ఎలా కలుగుతుందో, దానిని జ్ఞానంగా మలచుకోవడానికి శ్రోత చేయవలసినదేమిటో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషి పాటను వెతుక్కుంటూ వెళ్లిన సందర్భాల కంటే, పాటే మనిషిని వెతుక్కుంటూ వచ్చిన సందర్భాలు ఎక్కువ. ఉయ్యాలలోని పసిబిడ్డ జోలపాటను కోరి వినదు. అది తానై వచ్చి ఆ బిడ్డ చెవిని చేరుతుంది. చేలగట్టున నడిచిపోయే బాటసారి నాట్లపాట వినాలని బయలుదేరడు. కాని ఇల్లు చేరిన తరువాత కూడా ఆ పాట అతని పెదవుల మీద ఆడుతూనే ఉంటుంది. గుడిలోని భజన, పెళ్లిపందిరిలోని సన్నాయి, పొరుగింటి రేడియోలోని సినిమా పాట - ఇవన్నీ మనం ఎన్నుకోకుండానే మన సొంతమైనవి. మన సంగీతాభిరుచికి పునాది వేసినవి చాలావరకు ఇటువంటి యాదృచ్ఛిక శ్రవణాలే.

పాటను ఈ విధంగా ఇంటింటికీ చేర్చిన సాధనాలలో రేడియోది ప్రధాన స్థానం. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతి ప్రసారాలు ప్రారంభమయ్యాయి. సినిమా పాటను వినిపించేటప్పుడు వ్యాఖ్యాత చిత్రం పేరు, గీత రచయిత పేరు, సంగీత దర్శకుని పేరు, గాయనీగాయకుల పేర్లు ప్రకటించడం ఆకాశవాణి పాటించిన సంప్రదాయం. చిన్న విషయంగా కనబడే ఈ ప్రకటన గొప్ప పని చేసింది. బడి ముఖం చూడని శ్రోతకు సైతం ఏ పాట ఎవరు రాశారో, ఎవరు స్వరపరిచారో, ఎవరు పాడారో తెలిసింది. పాట వినోదాన్ని ఇచ్చింది. ప్రకటన జ్ఞానాన్ని ఇచ్చింది.

నేటి యువతరానికి పాటను చేరవేస్తున్న సాధనాలలో వీడియో గేమ్ ఒకటి. ఆడేవారి కన్ను తెరమీద ఉంటుంది. చేయి మీటల మీద ఉంటుంది. బుద్ధి గెలుపు మీద ఉంటుంది. చెవి ఒక్కటే ఖాళీగా ఉంటుంది. ఆ తెరిచిన వాకిటి గుండా సంగీతం అనుమతి అడగకుండా లోపలికి వస్తుంది. ఆట ముగిసి, గెలుపోటములు మరపునపడిన తరువాత కూడా ఆ బాణీ మనసులో నిలిచిపోతుంది. అయితే ఇక్కడ రేడియో వ్యాఖ్యాత లేడు. ఆ పాట ఎవరిదో, ఏ దేశానిదో చెప్పేవారు సాధారణంగా ఉండరు. మరి ఈ పరిచయం మనకు ఎంతవరకు మేలు చేస్తుంది? ఎక్కడ ఆగిపోతుంది? వీటిని పరిశీలించడానికి ముందు ఆటలోకి పాట ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

తొలినాటి వీడియో ఆటలలో పాట లేదు. 1972లో అమెరికాలో అటారీ సంస్థ విడుదల చేసిన 'పాంగ్' ఆటలో బంతి బ్యాటును తాకినప్పుడు ఒక పొట్టి శబ్దం వినిపించేది, అంతే. 1978లో జపాన్‌లోని టైటో సంస్థకు చెందిన తొమొహిరో నిషికాడో 'స్పేస్ ఇన్‌వేడర్స్' అనే ఆటను రూపొందించాడు. అందులో ఆకాశం నుండి శత్రువుల దండు వరుసలు తీరి కిందికి దిగుతూ ఉంటుంది. వెనుక నాలుగు స్వరాలు మాత్రమే మంద్రస్థాయిలో, అవరోహణ క్రమంలో మళ్లీ మళ్లీ మోగుతుంటాయి. శత్రువుల సంఖ్య తగ్గి వారి వేగం పెరిగిన కొద్దీ ఆ స్వరాల వేగం కూడా పెరుగుతుంది. విలంబంగా మొదలైన నడక ద్రుతమై ఆడేవారి గుండెదడను పెంచుతుంది. ఆ నాలుగు స్వరాలను పాట అనలేము. కాని ఆట నడకను అనుసరించి నాదం కూడా నడవగలదని అవి నిరూపించాయి.

1983లో జపాన్‌లో నింటెండో సంస్థ 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. ఇంటిలోని టెలివిజనుకు తగిలించుకొని ఆడుకునే ఆ యంత్రంలో ధ్వనికి కేటాయించిన మార్గాలు ఐదు మాత్రమే. రెండు ప్రధానంగా బాణీకి, ఒకటి మంద్రస్వరాలకు, ఒకటి తాళవాద్యాన్ని తలపించే గరగర ధ్వనికి, ఒకటి ముందుగా నమోదు చేసిన చిన్న శబ్దాలకు ఉపయోగపడేవి. సమాచారాన్ని దాచుకునే చోటు కూడా అతి స్వల్పం. కనుక పొడవైన పాటకు అవకాశం లేదు. చిన్న బాణీ కట్టి, అది ముగిసిన వెంటనే మళ్లీ మొదలయ్యేటట్లు అమర్చడం తప్ప సంగీతకర్తకు వేరే దారి లేదు. వందసార్లు విన్నా విసుగు పుట్టని బాణీ కట్టడమే అతని ముందున్న పరీక్ష.

1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆటకు సంగీతం కూర్చిన కోజి కొండో ఆ పరీక్షలో నెగ్గాడు. కథానాయకుడైన మారియో నేలమీద పరుగెత్తేటప్పుడు ఒక బాణీ. భూగర్భంలోకి దిగితే మరొకటి. నీటిలో ఈదేటప్పుడు ఇంకొకటి. నీటి అడుగు ఘట్టానికి ఆయన ఎంచుకున్నది 'వాల్ట్‌జ్' నడక. జంటలుగా గుండ్రంగా తిరుగుతూ ఆడే ఐరోపా నృత్యానికి చెందిన మూడు మాత్రల నడక అది. మన తిశ్రగతి ఎరిగినవారికి అది అపరిచితంగా తోచదు. వియన్నా నగరపు నాట్యశాలల పేరు సైతం వినని పిల్లలు తమ ఇంట్లో కూర్చుని ఆ నడకను చెవికి అలవాటు చేసుకున్నారు. 2023లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మారియో ప్రధాన బాణీని తన జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చింది. వీడియో గేమ్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

'పాడగా పాడగా రాగం' అన్నది మన సామెత. సంగీతం నేర్చుకునే సాధకుడు సరళీస్వరాలను, జంటస్వరాలను, అలంకారాలను నెలల తరబడి సాధన చేస్తాడు. మొదట గొంతుకు అలవాటైన స్వరం క్రమంగా మనసుకు అలవాటవుతుంది. వినికిడికి కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. కొత్త సంగీతాన్ని మొదటిసారి విన్నప్పుడు మనకు కలిగేది చాలాసార్లు ఆనందం కాదు, బెరుకు. శాస్త్రీయ సంగీత కచేరీకి తొలిసారి వెళ్లిన యువకుడు అరగంటలో లేచి వచ్చేయవచ్చు. కాని ఆటలో ఓడినవాడు లేచి రాడు, మళ్లీ మొదలుపెడతాడు. అతనితోపాటు పాట కూడా మళ్లీ మొదలవుతుంది. ఇరవైసార్లు ఓడినవాడు ఇరవైసార్లు ఆ పాట విన్నవాడే. ఓటమి అతనికి తెలియకుండానే అభ్యాసంగా మారింది. పరాయి సంగీతం పట్ల ఉండే బెరుకును ఆట తొలగించే విధానం ఇదే.

దీనికి చక్కని దృష్టాంతం 'టెట్రిస్'. మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిట్నోవ్ 1984లో ఈ ఆటను కనిపెట్టాడు. పైనుండి రాలే వివిధ ఆకారాల దిమ్మెలను సందు లేకుండా వరుసలుగా పేర్చడమే ఆట. ఆయన దానిని మొదట రాసిన 'ఎలెక్ట్రోనికా 60' యంత్రానికి బొమ్మలు చూపే శక్తి లేదు. అక్షరాల నడుమ వాడే చిహ్నాలతోనే దిమ్మెలను చూపవలసి వచ్చింది. అప్పుడు ఆ ఆటకు పాట లేదు. 1989లో నింటెండో సంస్థ చేతిలో ఇమిడే 'గేమ్ బాయ్' యంత్రాన్ని విడుదల చేసి, దానిమీద ఆడుకునేందుకు టెట్రిస్‌ను అందించింది. దానికి సంగీతాన్ని అమర్చినవాడు హిరొకజు తనాకా. ఆడేవారు మూడు బాణీలలో తమకు నచ్చిన దానిని ఎన్నుకోవచ్చు.

ఆ మూడింటిలో మొదటిది 'కొరొబెయ్నికి' అనే రష్యన్ జానపద గీతం. రష్యన్ కవి నికొలాయ్ నెక్రాసొవ్ 1861లో రచించిన అదే పేరుగల కావ్యం దానికి మూలం. కొరొబెయ్నికి అంటే పెట్టెలు మోసుకుంటూ ఊరూరా తిరిగి సరుకులు అమ్మే వర్తకులు. మన పల్లెలలో గాజుల మలారం భుజాన వేసుకొని, బట్టల మూట నెత్తిన పెట్టుకొని తిరిగినవారి వంటివారు. నిండు పెట్టెతో వచ్చిన యువ వర్తకుడు, ఒక పల్లెపడుచు, వారి నడుమ సరుకుల బేరం, ఆ బేరం చాటున దాగిన అనురాగం - ఇది ఆ పాటలోని విషయం. కావ్యం మాత్రం సుఖాంతం కాదు. ఇంటిముఖం పట్టిన వర్తకులు అడవిలో హత్యకు గురవుతారు. ఆ కావ్యంలోని ఒక భాగం ప్రజల నోట పడి జానపద గీతంగా స్థిరపడింది. కవి రాసిన శతాబ్దం మీద పాతికేళ్లు దాటాక అది జపాన్ దేశపు యంత్రంలో మోగింది.

మూడవ బాణీ జర్మనీ దేశపు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రచించిన మూడవ ఫ్రెంచి సూట్‌లోని 'మినుయెట్'. సూట్ అంటే వివిధ నృత్యాల నడకలలో కూర్చిన వాద్యరచనల మాలిక. మినుయెట్ అటువంటి నృత్యాలలో ఒకటి. 1685 నుండి 1750 వరకు జీవించిన బాఖ్ ఐరోపా శాస్త్రీయ సంగీతంలో మహోన్నతుడు. పల్లెబాటల వర్తకుల పాట, ఆ మహావిద్వాంసుని రచన ఒకే చిన్న యంత్రంలో పక్కపక్కన చోటు చేసుకున్నాయి. శాస్త్రీయం, జానపదం అనే తారతమ్యం ఆ యంత్రానికి తెలియదు. టిక్కెట్టు కొని ఏ కచేరీకీ వెళ్లని పిల్లవాడు ఒకే పూటలో రెండింటినీ విన్నాడు.

అయితే ఇక్కడే ఒక లోపం కూడా ఉంది. ఆ ఆట ఆడినవారిలో ఎందరో కొరొబెయ్నికిని 'టెట్రిస్ పాట' అనే పిలుస్తారు. నెక్రాసొవ్ పేరుగాని, పెట్టె మోసిన వర్తకుని కథగాని వారిని చేరలేదు. పాట సముద్రాలు దాటింది. పేరు ఒడ్డుననే ఉండిపోయింది. వ్యాఖ్యాత లేని ప్రసారం వలన కలిగే నష్టం ఇది. సంగీతం కూర్చినవారికి సైతం ఈ నష్టం తప్పలేదు. 1980 దశకంలో జపాన్‌లోని కొన్ని ఆటల సంస్థలు తమ ఉద్యోగుల అసలు పేర్లను తెరమీద చూపనిచ్చేవి కావు. సంగీతకర్తలు మారుపేర్లతోనే కనబడవలసి వచ్చేది. ప్రపంచం నలుమూలలా పిల్లలు కూనిరాగాలు తీసిన బాణీకి కర్త ఎవరో వారికి తెలియకుండా పోయింది. పాటను ప్రేమించి, పాట కట్టినవానిని మరచిపోవడం రుణం తీర్చకుండా ఉండిపోవడమే.

పాటను శ్రోత వెంబడిస్తే ఎంత దూరం చేరవచ్చునో మరొక ఆట తెలుపుతుంది. అది 2005లో అమెరికాలో విడుదలైన 'సివిలైజేషన్ 4'. ఆడేవారు ప్రాచీన కాలంలో ఒక నాగరికతను స్థాపించి దానిని ఆధునిక యుగం వరకు నడిపించాలి. యుగం మారినప్పుడల్లా నేపథ్య సంగీతం మారుతుంది. పారిశ్రామిక యుగంలో బీథోవెన్, బ్రామ్స్, ద్వోర్జాక్ వంటివారి రచనలు, ఆధునిక యుగంలో అమెరికన్ సంగీతకర్త జాన్ ఆడమ్స్ రచనలు వినిపిస్తాయి. ఆట మొదలుపెట్టక ముందే, తొలి తెరమీద ఒక బృందగానం వినబడుతుంది. దాని పేరు 'బాబా యేతు'. తూర్పు ఆఫ్రికాలో వ్యవహారంలో ఉన్న స్వాహిలీ భాషలో 'మా తండ్రీ' అని దాని అర్థం. క్రైస్తవుల ప్రభువు ప్రార్థనకు అది స్వాహిలీ రూపం. దానిని స్వరపరిచినవాడు అమెరికన్ సంగీతకర్త క్రిస్టఫర్ టిన్. ఆట ప్రధాన రూపకర్త సోరెన్ జాన్సన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయనకు సహాధ్యాయి. 2011లో ఈ పాటకు గ్రామీ పురస్కారం లభించింది. వీడియో గేమ్ కోసం కూర్చిన సంగీతానికి గ్రామీ రావడం అదే ప్రథమం.

ఆ పాట నచ్చి, దాని కర్త ఎవరో విచారించినవారు టిన్ 2009లో వెలువరించిన 'కాలింగ్ ఆల్ డాన్స్' అనే గీతమాలికను చేరుకుంటారు. అందులో 12 భాషలలో 12 గీతాలు ఉన్నాయి. స్వాహిలీ గీతం మొదటిది. జపనీస్, పోర్చుగీస్, ఐరిష్, హీబ్రూ, పారశీకం, మావోరీ భాషల గీతాలతోపాటు ఒక సంస్కృత గీతం కూడా ఉంది. దాని పేరు 'శుక్లకృష్ణే'. అందులోని మాటలు భగవద్గీతవి. ఆటలో మొదలై ఆఫ్రికా మీదుగా సాగిన దారి చివరకు మన ఇంటి పుస్తకం వద్దకే వచ్చింది. పేరు అడగనివారు తొలి తెర దగ్గరే ఆగిపోయారు. పేరు అడిగినవారు ప్రపంచాన్ని చుట్టివచ్చారు.

కొన్ని ఆటల రూపకర్తలు ఈ వ్యాఖ్యాత లోపాన్ని గుర్తించారు. కొన్ని క్రీడల ఆటలలో పాట మొదలైనప్పుడు దాని పేరు, పాడినవారి పేరు తెర మూలన కనబడతాయి. 2008లో వచ్చిన 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో 4' ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆ ఆట పెద్దల కోసం ఉద్దేశించినది. అందులోని హింస ఎవరికీ ఆదర్శం కాదు. అయినా అందులోని రేడియో విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కథానాయకుడు తూర్పు ఐరోపా నుండి అమెరికాకు వలస వచ్చినవాడు. అతడు నడిపే కారులోని రేడియోలో అనేక కల్పిత కేంద్రాలు పలుకుతాయి. వాటిలో 'వ్లాదివొస్తోక్ ఎఫ్.ఎం.' అనే కేంద్రం తూర్పు ఐరోపా పాటలను వినిపించేది. ఉక్రెయిన్ గాయని రుస్లానా దానికి వ్యాఖ్యాత్రి. పాట నచ్చితే, కథానాయకుని చేతిఫోను నుండి ఒక సంఖ్యకు ఫోన్ చేయవచ్చు. వెంటనే పాట పేరు, పాడినవారి పేరు సందేశంగా వస్తాయి. రష్యన్ భాషలో ఒక్క మాట రానివారు సైతం ఆ విధంగా పేర్లు తెలుసుకొని ఆ పాటలను ఆట వెలుపల వెతికి విన్నారు.

ఆ కేంద్రానికి జరిగినది కూడా గమనించదగినది. ఆటలో వాడుకునే పాటలకు హక్కుదారుల అనుమతి కొంత కాలానికే ఉంటుంది. పదేళ్ల గడువు ముగిసినందున 2018 ఏప్రిల్‌లో ఆ ఆట నుండి అనేక పాటలను తొలగించారు. ఎక్కువగా నష్టపోయినది వ్లాదివొస్తోక్ ఎఫ్.ఎం. కేంద్రమే. దాని పాత పాటల స్థానంలో వేరే పాటలు చేరాయి. ఇక ఆ ఆటను కొత్తగా ఆడేవారికి ఆ పాత పాటలు వినబడవు. నాడు పేరు తెలుసుకొని రాసిపెట్టుకున్నవారికి ఆ పాట నేటికీ దొరుకుతుంది. పేరు తెలుసుకోనివారికి మిగిలినది ఒక చెదిరిన జ్ఞాపకం. ఆట మనకు పాటను శాశ్వతంగా ఇవ్వదు. కొంతకాలం ఎరువు ఇస్తుంది. దానిని నిలుపుకోవడం మన బాధ్యత.

ఆటల సంగీతం నేడు ఆటను దాటి సభలను చేరింది. 'డ్రాగన్ క్వెస్ట్' ఆటకు సంగీతం కూర్చిన కొయిచి సుగియామా 1987లోనే టోక్యోలో వాద్యబృందంతో ఆ బాణీలను కచేరీగా వినిపించాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో మైదానంలోకి క్రీడాకారుల ప్రవేశం ఆ ఆట బాణీతోనే మొదలైంది. 2023లో వీడియో గేమ్ సంగీతానికి గ్రామీ పురస్కారాలలో ప్రత్యేక విభాగం మొదలై, తొలి పురస్కారం స్టెఫనీ ఎకనొమౌ అనే సంగీతకర్తకు దక్కింది. మారుపేర్ల చాటున మరుగుపడిన కళకు నేటికి పేరు వచ్చింది.

మరి ఈ ప్రయాణంలో మన పాట ఎక్కడ ఉంది? పూణె నగరంలో రూపొంది 2020లో విడుదలైన 'రాజీ' అనే ఆట ప్రాచీన భారతదేశాన్ని నేపథ్యంగా తీసుకొని, భారతీయ వాద్యాల నాదాన్ని అన్ని దేశాల ఆటగాళ్లకు వినిపించింది. తెలుగునాట సన్నాయి ఉంది, డోలు ఉంది, డప్పు ఉంది, బుర్రకథకుని తంబుర, వంతలు వాయించే గుమ్మెట ఉన్నాయి. యుద్ధఘట్టంలో గుమ్మెట మోగితే వినేవారి నరాలు ఎలా ఉప్పొంగుతాయో బుర్రకథ విన్నవారికి చెప్పనవసరం లేదు. రేపు ఏదో ఒక ఆటలో ఆ నాదాన్ని విని, దూరదేశపు పిల్లవాడు పరవశించవచ్చు. ఆ వాద్యం పేరు గుమ్మెట అని, అది తెలుగువారిదని అతడు తెలుసుకోవాలని మనం ఆశిస్తాం. మనం ఆశించే ఆ మర్యాదనే రష్యన్ వర్తకుని పాటకు, స్వాహిలీ ప్రార్థనకు మనం కూడా చూపాలి.

ఇందుకు పెద్ద శ్రమ అవసరం లేదు. ఆటలో ఒక బాణీ మనసుకు పట్టినప్పుడు ఆటను ఒక నిమిషం ఆపి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పాట పేరేమిటి? దీనిని కట్టినవారు, పాడినవారు ఎవరు? ఇది ఏ నేల మీద, ఏ సందర్భంలో పుట్టింది? ఆట చివర తెరమీద కదిలే పేర్ల పట్టికను దాటవేయకుండా చదివితే వీటిలో కొన్నింటికి సమాధానం దొరుకుతుంది. తరువాత ఆట లేకుండా, కన్నుకు, చేతికి పని లేకుండా, ఆ పాటను ఒక్కసారి సాంతం వినాలి. ఆటలో మనం పాటను సగం చెవితోనే విన్నామని అప్పుడు తెలుస్తుంది. ఆడుకునే కాలానికి హద్దు ఉండాలన్న పెద్దల మాట సరైనదే. ఆ హద్దు దాటని కొద్దికాలంలోనైనా చెవి మేల్కొని ఉంటే, ఆట వృథా కాలక్షేపంగా మిగలదు.

పెట్టె భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన కొరొబెయ్నికి వలెనే వీడియో గేమ్ కూడా ఒక సంచార వర్తకుడు. దూరదేశాల పాటలను మూటకట్టుకొని మన గుమ్మం ముందుకు తెస్తుంది. మూట విప్పి చూపడం వరకే వర్తకుని పని. సరుకు ఎక్కడిదో, ఏ చేతులు నేసినదో అడిగి తెలుసుకొని ఇంట్లో భద్రపరచుకోవడం కొన్నవారి పని. అడిగినవారి ఇల్లు నిండుతుంది. అడగనివారికి ఆ వర్తకుని కేక మాత్రమే గుర్తుంటుంది.

కఠిన పదాలకు అర్థాలు

యాదృచ్ఛికం : అనుకోకుండా జరిగినది
మంద్రస్థాయి : స్వరాల కింది స్థాయి
అవరోహణ : స్వరాలు పైనుండి కిందికి దిగే క్రమం
విలంబం : నెమ్మదైన నడక
ద్రుతం : వేగవంతమైన నడక
తిశ్రగతి : మూడు మాత్రల నడక
దృష్టాంతం : ఉదాహరణ
మలారం : అమ్మకానికి గాజులను గుచ్చిన వరుసల కట్ట
తారతమ్యం : హెచ్చుతగ్గుల భేదం
సహాధ్యాయి : కలిసి చదువుకున్నవాడు
ఎరువు : తిరిగి ఇచ్చే షరతుతో తీసుకున్న వస్తువు
వంతలు : బుర్రకథలో ప్రధాన కథకునికి ఇరువైపులా నిలిచే సహాయకులు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. వీడియో గేమ్ కొత్త సంగీతాన్ని పరిచయం చేసే విధానాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. 'పాట సముద్రాలు దాటింది. పేరు ఒడ్డుననే ఉండిపోయింది' అన్న వాక్యాన్ని టెట్రిస్ ఉదాహరణతో సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. ఆకాశవాణి ప్రకటనల వలన శ్రోతలకు కలిగిన మేలు ఏమిటి?
2. తొలి ఆటల యంత్రాలలో చిన్న బాణీలే ఎందుకు వాడవలసి వచ్చింది?
3. 'బాబా యేతు' పాటను వెంబడించిన శ్రోత ఏమి తెలుసుకుంటాడు?
4. వ్లాదివొస్తోక్ ఎఫ్.ఎం. కేంద్రం నుండి పాటలను ఎందుకు తొలగించారు?

III. సందర్భసహిత వ్యాఖ్యలు

1. పాట వినోదాన్ని ఇచ్చింది. ప్రకటన జ్ఞానాన్ని ఇచ్చింది.
2. ఓటమి అతనికి తెలియకుండానే అభ్యాసంగా మారింది.
3. శాస్త్రీయం, జానపదం అనే తారతమ్యం ఆ యంత్రానికి తెలియదు.

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. 'స్పేస్ ఇన్‌వేడర్స్' ఆటను రూపొందించినవారెవరు?
2. కొరొబెయ్నికి అంటే ఎవరు?
3. మారియో నీటి అడుగు ఘట్టానికి వాడిన నృత్య నడక ఏది?
4. బుర్రకథలో వంతలు వాయించే వాద్యం ఏది?

V. కింది పదాలను విడదీసి సంధి పేరు తెలపండి

సంగీతాభిరుచి, సుఖాంతం, సహాధ్యాయి, మహోన్నతుడు, ప్రత్యేకం, పేరేమిటి

VI. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి సమాసం పేరు తెలపండి

గెలుపోటములు, నాలుగు స్వరాలు, పెళ్లిపందిరి, కొత్త సంగీతం

VII. ప్రాజెక్టు పని

మీరు ఆటలోగాని, రేడియోలోగాని, జాతరలోగాని అనుకోకుండా విని ఇష్టపడిన ఒక పాటను ఎన్నుకోండి. దాని పేరు, కర్త, పుట్టిన ప్రాంతం, సందర్భం విచారించి ఒక పుట వ్యాసం రాయండి.